మన బడి వేదిక ఎక్కని నాటకం: భాసుని ‘ఊరుభంగం’

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకం ఒకటి రాయమని, లేదంటే ఇన్నేళ్లు చరిత్ర పాఠం చెప్పారు గనుక చరిత్ర వ్యాసమైనా ఇవ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. రెండూ కలిసిన విషయం నా దగ్గర ఒక్కటే ఉంది. అది మన బడిలో వేయబోయి మానేసిన నాటకం.

అప్పుడు నేను ఆరో తరగతి. వార్షికోత్సవానికి ఏటా రాయబారమో, గయోపాఖ్యానంలో ఒక రంగమో వేయడం మన బడి ఆనవాయితీ అని పాతవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు మా తెలుగయ్యవారు కొత్తది వేద్దామన్నారు. సంస్కృతంలో ఉన్న ఏకాంకిక ఒకదాన్ని తనే తెలుగు చేసి, రూళ్ల నోటు పుస్తకంలో రాసుకొచ్చారు. దాని పేరు ఊరుభంగం. ఊరువు అంటే తొడ అని మాకు అప్పుడే తెలిసింది. దుర్యోధనుడికి పదో తరగతి కుర్రాణ్ణి ఎంచారు. బడిలో అందరికన్నా పొట్టివాణ్ణి నేను కాబట్టి అతని కొడుకు దుర్జయుడి వేషం నాకిచ్చారు. నాలుగైదు మాటలకు మించి లేవు. తొమ్మిది రోజులు రిహార్సళ్లు జరిగాయి. పదో రోజు ఆగిపోయాయి.

ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు వచ్చి మాట్లాడారట. శుభమా అని వార్షికోత్సవం చేసుకుంటూ చావుతో ముగిస్తారా అని ఒకరన్నారట. దుర్యోధనుడు చస్తే మా పిల్లలు ఏడవాలా అని ఇంకొకరు. ఆ ఏడు కూడా రాయబారమే వేశారు. పెద్దలది చాదస్తమని చాలాకాలం అనుకున్నాను. తర్వాత సంస్కృత నాటక చరిత్ర చదివితే తెలిసింది, ఈ నాటకం గురించి మహాపండితులు అడిగిన ప్రశ్నలు కూడా సరిగ్గా ఆ రెండేనని.

మనది చిత్తూరు జిల్లా. ఇక్కడ దుర్యోధనుడి చావు పుస్తకాల్లో చదివి తెలుసుకునేది కాదు, కళ్లారా చూసేది. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఒకరోజు అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు. చివర్న దుర్యోధన వధ. భారతం మిట్ట మీద మనిషికి ఎన్నో రెట్లు పొడవుండే మట్టి బొమ్మను వెల్లకిలా పడుకోబెడతారు. కోర మీసం, కళ్లు, కిరీటం అన్నీ రంగులతో దిద్దుతారు. వేషగాళ్లు ఇద్దరూ గదలు పట్టుకుని ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా పరుగులు తీస్తారు. ఆఖరికి భీముడు బొమ్మ తొడ మీద కొట్టగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి, జనం ఒక్కసారిగా అరుస్తారు. విప్పిన జుట్టుతో ఉన్న ద్రౌపది అప్పుడు కొప్పు ముడుస్తుంది. నాన్న భుజాల మీద కూర్చుని నేనూ అరిచాను. ఆ అరుపుకు న్యాయం లేదని నేను అనను. నిండు సభలో ద్రౌపదికి తొడ చూపించినవాడి తొడ అది. ఊరుభంగాన్ని మెచ్చుకోవాలంటే ముందు ఈ లెక్కను ఒప్పుకునే మొదలుపెట్టాలి. భాసుడూ అక్కడినుంచే మొదలుపెట్టాడు.

భాసుడి పేరు పండితులకు ఎప్పుడూ తెలుసు. కాళిదాసు తన మాళవికాగ్నిమిత్రం మొదట్లోనే పేరున్న పాత నాటకకర్తల్లో అతన్ని తలిచాడు. హర్షచరితంలో బాణుడు, సూత్రధారుడితో మొదలయ్యే అతని నాటకాలను పొగిడాడు. స్వప్నవాసవదత్తం అగ్నిపరీక్షకు నిలిచిందని రాజశేఖరుడి పేర ఒక మాట ఉంది. ఇంత పేరున్నా నాటకాలు మాత్రం ఎవరి దగ్గరా లేవు. 1909లో తిరువాన్కూరు సంస్థానంలో తాళపత్రాలు సేకరిస్తున్న టి. గణపతిశాస్త్రికి పద్మనాభపురం దగ్గర మణలిక్కర మఠంలో ఒక కట్ట దొరికింది. మలయాళ లిపిలో ఉన్న 105 ఆకులు. అందులో పది నాటకాలు పూర్తిగా, పదకొండోది కొంత ఉన్నాయి. తర్వాత దొరికినవాటితో కలిపి మొత్తం పదమూడయ్యాయి. 1912 నుంచి 1915 వరకు వాటిని ఆయన తిరువనంతపురం గ్రంథమాలలో వరసగా అచ్చువేశారు.

ఆ పదమూడింటిలో ఎక్కడా కవి పేరు లేదు. వీటిని భాసుడివే అని గణపతిశాస్త్రి వాదించారు. కాదు, కేరళ చాక్యార్లు తమ ఆటకు అనుకూలంగా కుదించుకున్న కూర్పులని మరికొందరు వాదించారు. ఆ తగవు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. నా మట్టుకు నాకు, ఊరుభంగం రాసినవాడు ఒక్కడే అయి ఉంటాడనీ, వాడికి పిల్లలున్నారనీ అనిపిస్తుంది. ఇది చరిత్రకారుడు అనవలసిన మాట కాదు. సావనీరు గనుక అంటున్నాను.

పదమూడింటిలో ఆరు భారత కథలు: మధ్యమవ్యాయోగం, దూతవాక్యం, దూతఘటోత్కచం, కర్ణభారం, పంచరాత్రం, ఊరుభంగం. చివరిది ఒకే అంకం, 66 శ్లోకాలు. అచ్చులో పదిహేను ఇరవై పేజీలు దాటదు. మొదటి మూడోవంతు ముగ్గురు భటుల మాటలే. కురుక్షేత్రాన్ని వాళ్లు ఒక యజ్ఞశాలలా వర్ణిస్తారు, తర్వాత గదాయుద్ధం చూస్తూ చెబుతారు. పాఠకుడికి ఇక్కడ కాస్త ఓపిక కావాలి. కానీ ఈ భాగంలో ఒక చిన్న సంగతి ఉంది, దాన్ని దాటేస్తే నాటకం చేజారిపోతుంది. యుద్ధంలో ముందు పడిపోయేది భీముడు. తలకు దెబ్బ తగిలి నేలకూలతాడు. వ్యాసుడు నివ్వెరపోతాడు, విదురుడి కళ్లలో నీళ్లు నిండుతాయి, అర్జునుడు గాండీవం తడుముకుంటాడు. అప్పుడు దుర్యోధనుడు కొట్టడు. భయపడకు, పడినవాణ్ణి వీరుడు చంపడు అని నవ్వుతాడు. ఆ వెంటనే కృష్ణుడు తన తొడ తాను చరుచుకుని సైగ చేస్తాడు. భీముడు లేచి, రెండు చేతులా గద ఎత్తి తొడల మీద వేస్తాడు. న్యాయంగా బతకనివాడు ఆ ఒక్క క్షణం న్యాయం పాటించి దెబ్బ తిన్నాడు. భాసుడు దీన్ని ఎత్తి చూపడు. ఒక భటుడి నోట చెప్పించి ముందుకు పోతాడు.

గురువైన బలరాముడు నాగలి ఎత్తుకుని పాండవుల మీదికి లేస్తాడు. అప్పుడు దుర్యోధనుడు రంగం మీదికి వస్తాడు. కాళ్లు లేవు. మోచేతుల మీద దేహాన్ని ఈడ్చుకుంటూ వస్తాడు. మన పద్యనాటకాల దుర్యోధనుణ్ణి ఒకసారి తలుచుకోండి. గద భుజాన వేసుకుని, అడుగుకో దరువు మీద, తొడ చరిచి, రాగం తీసి, ఒన్స్ మోర్ కొట్టించుకునేవాడు. ఆ మనిషే ఇక్కడ నిలబడలేడు. పైగా వచ్చింది పగ తీర్చమని అడగడానికి కాదు, బలరాముణ్ణి ఆపడానికి. వైరం అయిపోయింది, యుద్ధం అయిపోయింది, మేమూ అయిపోయాం, కురువంశానికి నీళ్లు వదిలేవాళ్లయినా మిగలనివ్వు అంటాడు. తనను చంపింది భీముడు కాదు, ఆ గదలో ప్రవేశించిన కృష్ణుడే అని కూడా అంటాడు. ఈ మాట ఓదార్పు కోసం అన్నాడో, అభిమానం కొద్దీ అన్నాడో, నిజంగా తెలిసే అన్నాడో తేల్చుకోవడం నటుడి పని.

తర్వాత వచ్చేవాళ్లు ఈ నాటకానికి ప్రాణం. గుడ్డి ధృతరాష్ట్రుడు, కళ్లకు గంత కట్టుకున్న గాంధారి, ఇద్దరు రాణులు మాళవి, పౌరవి, చిన్న కొడుకు దుర్జయుడు. శవాల మధ్య కొడుకును వెతుక్కుంటూ వస్తారు. ఎవరో తన బట్ట చెంగు పట్టి లాగుతున్నారని ముసలాయన అంటే, నేనే తాతా అంటాడు పిల్లవాడు. మీ నాన్నను వెతుకు అంటే, అలసిపోయాను అంటాడు. అయితే వెళ్లి మీ నాన్న ఒడిలో కూర్చుని అలసట తీర్చుకో అంటాడు తాత. ఆయనకు తెలియదు. చూసేవాళ్లకు తెలుసు.

పిల్లవాడు పరుగెత్తుకొస్తాడు. నాన్న నేల మీద ఉన్నాడు, ఎందుకున్నాడో తెలియదు. ఒడిలో కూర్చుంటానంటాడు. దుర్యోధనుడు ఆపుతాడు. ఎందుకు వద్దంటున్నావు అని అడుగుతాడు పిల్లవాడు. నీకు అలవాటైన ఈ చోటు ఇవాళ్టి నుంచి నీది కాదు నాన్నా, ఇంకెక్కడైనా కూర్చో అని జవాబు. ఎక్కడికి పోతున్నావంటే తమ్ముళ్ల దగ్గరికంటాడు. నన్నూ తీసుకుపో అంటే, పోయి ఆ మాట భీముణ్ణి అడుగు అంటాడు.

ఇంతకన్నా ఏమీ లేదు. ఇక్కడ పెద్ద శ్లోకాలు కూడా లేవు. కానీ ద్రౌపదిని అవమానించిన తొడ, భీముడి శపథంలోని తొడ, భారతం మిట్ట మీద మనం చప్పట్లు కొట్టిన తొడ, మరొకరికి రోజూ కూర్చునే చోటు అని భాసుడొక్కడే అన్నాడు. వ్యాసుడు ఈ మాట అనలేదు. అసలు దుర్జయుడు వ్యాసభారతంలో లేడు. అక్కడ దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు. అతన్ని పదమూడో రోజే అభిమన్యుడు చంపేశాడు. (మనకు లక్ష్మణకుమారుడంటే 1957 మాయాబజారులో రేలంగే గుర్తొస్తాడు గనుక ఆ చావు మన మనసుల్లో అంతగా నాటలేదు.) తండ్రి తొడ విరిగేనాటికి ఒడిలో కూర్చునే కొడుకు ఒకడుండాలని భాసుడే పుట్టించాడు.

భాసుడు మార్చింది అదొక్కటే కాదు. వ్యాసభారతంలో పడిపోయిన దుర్యోధనుడి తలను భీముడు కాలితో తంతాడు. తిక్కన తెలుగులోనూ ఆ ఘట్టం మనం చదువుకున్నాం. భాసుడు ఆ తన్ను తీసేశాడు. వ్యాసభారతంలో తల్లి కొడుకును చూసేది స్త్రీపర్వంలో, శవంగా. ఇక్కడ ప్రాణం ఉండగానే చూస్తుంది, అదీ గంత వెనకనుంచి. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకొకటి. వ్యాసభారతంలో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవులను చంపివచ్చి చెబితే, ఆ వార్త విని సంతోషించి దుర్యోధనుడు ప్రాణం విడుస్తాడు. ఊరుభంగంలో అశ్వత్థామ రాత్రి దాడికి బయల్దేరుతుంటే వద్దంటాడు. వద్దనడానికి చెప్పే కారణం వినండి. జూదంలో ద్రౌపదిని జుట్టుపట్టి ఈడ్చాం, పసివాడైన అభిమన్యుణ్ణి చంపాం, పాచికల మోసంతో పాండవులను అడవుల పాలు చేశాం, దానితో పోలిస్తే వాళ్లు నాకు చేసింది ఎంత అంటాడు. అంటే భాసుడు అతని నేరం దాచలేదు, తగ్గించలేదు. నేరస్తుడి నోటనే లెక్క చెప్పించాడు. కొడుక్కి చెప్పిన ఆఖరి మాటల్లోనూ అంతే. పాండవులను నన్నుగా సేవించు, కుంతి మాట విను, అభిమన్యుడి తల్లినీ ద్రౌపదినీ అమ్మల్లా చూసుకో, ధర్మరాజు పక్కన నిలబడి నాకు నీళ్లు వదులు.

అశ్వత్థామ ఆగడు. బ్రాహ్మణవాక్కుతో దుర్జయుణ్ణి రాజును చేసి, ఆయుధం పట్టుకుని చీకట్లోకి పోతాడు. ఒడి పోయిన పిల్లవాడికి సింహాసనం వచ్చింది. దాని కింద దేశమేమీ మిగల్లేదు. దుర్యోధనుడు ఇది విని సంతృప్తి పడతాడు. ఇక్కడ భాసుడు అతన్ని మహాత్ముణ్ణి చేసెయ్యలేదని గమనించాలి. చివరిదాకా రాజ్యం మీద ఆశ ఉన్న తండ్రే. చూపు మసకబారుతూ ఉంటే పూర్వులు కనిపిస్తారు, కర్ణుడు, తమ్ముళ్లు కనిపిస్తారు. ఐరావతం మీద ఇంద్రుడితో కలిసి అభిమన్యుడు వస్తాడు. అతను కోపంగా ఉన్నాడు. స్వర్గం వాకిట్లోనూ ఆ పిల్లవాడు క్షమించలేదు. హంసలు పూన్చిన విమానం రాగా దుర్యోధనుడు వెళ్లిపోతాడు. దేహం మీద గుడ్డ కప్పుతారు.

ఇప్పుడు మన ఊరి పెద్దల మొదటి అభ్యంతరం. యుద్ధం, మరణం వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపకుండా మాటలతో తెలపాలని భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. పదో శతాబ్దంలో దశరూపకం రాసిన ధనంజయుడు నాయకుడి చావు చూపనే కూడదన్నాడు. సంస్కృతంలో విషాదాంతం లేదన్న మాట అందుకే పుట్టింది. ఊరుభంగం అచ్చయ్యాక ఆ మాట తడబడింది. విచిత్రమేమంటే అప్పటికే మన తెలుగు వేదిక ఈ గడప దాటింది. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర రాసి ఆడించారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా దాన్ని చెబుతారు. 1912లో ఆయన కన్నుమూశారు. తిరువనంతపురంలో భాసుడి నాటకాలు అచ్చుకెక్కడం మొదలైంది ఆ సంవత్సరమే.

రెండో అభ్యంతరాన్ని ఇంచుమించు అదే రూపంలో ఎత్తినవాడు ఏ.బి. కీత్. 1924లో సంస్కృత నాటకం మీద రాసిన పెద్ద గ్రంథంలో, దుర్యోధనుడు నాయకుడే కాదు, కృష్ణభక్తులైన ప్రేక్షకులకు అతని చావు తగిన శాస్తిగానే కనిపిస్తుందన్న ధోరణిలో వాదించాడు. స్వర్గానికి పోయాడు గనుక విషాదం ఎక్కడిదని మరికొందరన్నారు. నాకు ఈ వాదాలు పుస్తకం దగ్గర నిలుస్తాయి, వేదిక దగ్గర నిలవవు అనిపిస్తుంది. ఒడి దగ్గర ఆగిపోయిన పిల్లవాణ్ణి చూస్తున్నప్పుడు తండ్రి నాయకుడా ప్రతినాయకుడా అని ఎవరూ లెక్కవేయరు. శాస్తి తగినదే కావచ్చు. అది పడింది మాత్రం పిల్లవాడి మీద కూడా.

అచ్చయ్యాక కూడా ఇది చాలాకాలం తరగతి గదుల్లోనే ఉండిపోయింది. కేరళ కూడియాట్టంలో భాసుడి నాటకాల్లోని కొన్ని అంకాలు తరతరాలుగా ఆడుతున్నారు, వాలివధ అందులో ప్రసిద్ధం. ఊరుభంగానికి అంతటి వాడుక లేదు. 1960ల్లో ఢిల్లీలో శాంతా గాంధీ భాసుణ్ణి ఆధునిక వేదిక మీదికి తెచ్చాక పరిస్థితి మారింది. 1981లో మణిపూర్‌లో రతన్ థియాం తన కోరస్ రెపర్టరీ బృందంతో ఊరుభంగం చేశారు. కత్తి, బల్లెంతో సాగే అక్కడి థాంగ్-టా విద్యను, సంకీర్తన లయను నాటకంలోకి తెచ్చారు. భటులు మాటలతో వర్ణించిన యుద్ధం అక్కడ దేహాల్లోకి వచ్చింది. తిరువనంతపురంలో కావాలం నారాయణ పణిక్కర్ సోపానం బృందంతో సంస్కృతంలోనే ఆడించారు. ఆయన దుర్యోధనుణ్ణి రెండుగా చీల్చారు. నేల మీద పడి ఉన్న దుర్యోధనుడు ఒకడైతే, అతనిలోని సుయోధనుడు తెయ్యం రూపంలో వేరే నటుడు. కేరళలో తెయ్యం అంటే చచ్చిన వీరుడు దేవుడై తిరిగి రావడం. స్వర్గారోహణం అన్న చిక్కుముడిని పణిక్కర్ పండితుల్లా వాదించకుండా తన నేలలోని ఆటతో విప్పారు.

మన చిత్తూరు సీమకూ అలాంటి ఆట ఒకటి ఉంది కదా, ఆ మట్టి బొమ్మ పక్కన గాంధారిని, దుర్జయుణ్ణి నిలబెడితే ఎలా ఉంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మన తెలుగువాళ్లకు దుర్యోధనుడి మీద బొత్తిగా దయ లేదనీ అనలేం. 1977లో దానవీరశూరకర్ణలో ఎన్టీఆర్ కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేస్తే, జనం దుర్యోధనుడి మాటలు కంఠతా పట్టారు. కాకపోతే అది నిలబడ్డ దుర్యోధనుడి మీద ప్రేమ.

ఈ నాటకం వేయాలనుకునే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. గంటలోపు అయిపోతుంది, పెద్ద సెట్టింగులు అక్కర్లేదు. కష్టమంతా దుర్యోధనుడి వేషానిదే. వచ్చిన క్షణం నుంచి నడుము కింది భాగం చచ్చుబడి ఉండాలి, అభినయమంతా గొంతు, చేతులు, కళ్లలోనే. తల్లిదండ్రులకు మొక్కబోయి పడిపోయినప్పుడు ఇది రెండో దెబ్బ అనిపించాలి. ఒడి దగ్గర చెయ్యి అడ్డం పెట్టడం మరీ కష్టం. ముందే అడ్డం పెడితే కసురుకున్నట్టుంటుంది, ఆలస్యమైతే పిల్లవాడు తొడ మీద కూర్చుంటాడు. మా అయ్యవారు రిహార్సళ్లలో ఎక్కువ సమయం దీనికే ఖర్చుపెట్టారు. పరుగున రారా అని నన్ను వసారా చివరికి పంపేవారు. ఆ పదో తరగతి అన్న చెయ్యి తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా సమయానికి లేవలేదు. నేను వెళ్లి కూర్చునేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. అయ్యవారు కూడా నవ్వి, మళ్లీ మొదట్నుంచీ అనేవారు.